జైతూన్ బీ పుతలీల పేరు

లాంతరు చిమ్నీలోకి చెయ్యి పట్టడం లేదు. ఎలీసబెతు ఒక పుల్లకు పాత గుడ్డ చుట్టి, మెత్తటి బూడిద అద్ది, లోపల గుండ్రంగా తిప్పుతోంది. ముందురోజు వత్తి ఎక్కువ ఎగదోసినట్టుంది, గాజు ఒకవైపంతా నల్లబారింది. వరండా మెట్ల మీదికి ఎండ అప్పుడే పాకుతోంది. ఆ ఎండలోనే, రెండు మెట్లు పైన, జైతూన్ బీ కాలు చాపుకుని కూర్చుంది. కాలి బొటనవేలికి పట్టుదారం తగిలించి బిగలాగి, ఎవరిదో ముత్యాల దండ గుచ్చుతోంది.

“ఏందమ్మా ఎలీసా, ఆ చిమ్నీని గంతగనం తోముతున్నవ్? పెండ్లికూతుర్ని చేస్తున్నవా ఏంది?”

“నువ్వు చూస్తవని ఖాలా. మసి కనబడితే ఊకుంటవా?”

“నేనెందుకంటనే! నా ఇంట్ల మసి చూసినోళ్ళు రెండోపారి మా గడప తొక్కలే.”

ఎలీసబెతు నవ్వింది. ఆమె నవ్వితే చప్పుడు రాదు, భుజాలు కదులుతాయి, అంతే. లోపలి గదిలోంచి తండ్రి సామ్యూల్ గొంతు వినిపించింది.

“జైతూన్ బీ! ఇయ్యాల ఏమన్న వచ్చినయా?”

“వచ్చినయ్ పెద్దయ్యా, ముత్యాలొచ్చినయ్. మీ మార్కు సాబ్ రాలే. తొవ్వల యాడనో ఆగిండు.”

“ఎగతాళి చెయ్యకు.”

“తోబా, నేనెందుకు చేస్త? ఆయనొస్తె చాయ్ తాపి మరీ తోల్కొస్త.”

జైతూన్ బీది పట్వా పని. తెగిన దండలు, దారం చివికిన బిళ్ళల పేర్లు తెచ్చుకుని, కొత్త పట్టుదారంతో మళ్ళీ గుచ్చి, పూసకూ పూసకూ మధ్య ముడి వేసి ఇస్తుంది. మోండా మార్కెట్టు వెనక గల్లీలో ఒకే తలుపున్న ఒంటి గది ఆమె ఇల్లు. పట్టపగలు కూడా అందులో దీపం పెట్టుకోవాలి. కొన్నేళ్ళ కిందట సామ్యూల్ పిలిపిస్తే మారేడ్‌పల్లిలోని ఈ ఇంటికి వచ్చింది. మాటలయ్యాక వరండా మీద పడే వెలుతురు చూసి, “జెర సేపు ఈడ కూసోని రెండు ముళ్ళేసుకోని పోతా?” అని అడిగింది. అప్పటినుంచి రోజూ వస్తూనే ఉంది, ఎలీసబెతుకు ఖాలా, అంటే పిన్ని, అయిపోయింది.

సామ్యూల్ ఆమెను పిలిపించింది పుతలీల కోసం. పుతలీలంటే బొమ్మలు కొట్టిన పలుచని బంగారు బిళ్ళలు. వాటికి పైన చిన్న కొండీ అతికించి, వరసగా గుచ్చి, ఆడవాళ్ళు మెడలో వేసుకుంటారు. బిళ్ళ మీద ఇద్దరు మనుషులు, మధ్య ఒక కర్ర. ఈ వీధిలో ఒకరు సీతారాములంటారు, పక్క వీధిలో ఒకరు పీరు సాహెబూ ఆయన శిష్యుడూ అంటారు. ఎక్కువమంది ఏమీ అనరు, కళ్ళకద్దుకుని వేసుకుంటారు.

సామ్యూల్ రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక తెల్ల పాస్టరు ఆ బిళ్ళను భూతద్దం కింద పెట్టి చూపించాడు. నిలబడి ఉన్నది పరిశుద్ధుడైన మార్కు. ఎదురుగా మోకాళ్ళ మీద ఉన్నది వెనిస్ అనే నగరాన్ని ఏలిన దొర. మార్కు ఇస్తున్న జెండా కర్రను ఆ దొర అందుకుంటున్నాడు. బిళ్ళ తిప్పితే నక్షత్రాల మధ్య యేసు ప్రభువు నిలబడి ఉన్నాడు. వందల ఏళ్ళ కిందట మిరియాలకూ బట్టలకూ బదులుగా ఓడలెక్కి వచ్చి, ఇక్కడి కంసాలుల చేతుల్లో పడి, మెడల్లోకి చేరాయవి. “మిషన్ దొరల కంటె ముందుగాల్నే ప్రభువొచ్చి మన ఆడోళ్ళ మెడల కూసున్నడు. ఒక్కలకన్న తెల్వదు!” అని సామ్యూల్ ఆ రోజు ఎంత ఆశ్చర్యపోయాడో, తల నెరిశాక కూడా అంతే ఆశ్చర్యంతో చెప్పేవాడు.

అసలైన వెనిస్ నాణేలు తక్కువ. మెడల్లో ఉన్నవి చాలావరకు వాటిని చూసి ఇక్కడ కొట్టినవే. వాటిమీద అక్షరాలుండవు, అక్షరాల్లా కనబడే గీతలుంటాయి. దారం మార్చడానికి వచ్చిన పేర్లలో అసలుది కనబడితే జైతూన్ బీ ఆ ఇంటివాళ్ళను అడిగేది. బరువుకు బరువు కొత్త పుతలీ ఇస్తారు, దారం కూలి కూడా ఇచ్చుకోనక్కర్లేదు అంటే అందరూ ఒప్పుకునేవారు. అరిగిపోయింది పోయి తళతళలాడేది వస్తుంటే ఎవరు కాదంటారు? అట్లా వచ్చినదానికి కొండీ తీయించి, సామ్యూల్ తన కొయ్యపెట్టెలో ముఖమల్ గుడ్డ మీద పెట్టుకునేవాడు. బాణాల కట్ట పట్టుకున్న హాలండు సిపాయి నాణేలు కూడా అందులో కొన్ని ఉన్నాయి కానీ, ఆయన ప్రాణం మాత్రం వెనిస్ వాటి మీదే. ఇప్పుడాయన కళ్ళకు పొరలు కమ్మాయి. బొటనవేలితో తడిమి ఏ దొర కాలం నాటిదో చెబుతాడు. అంచున ఉన్న పేరు ఎలీసబెతు చదివి, అవునంటుంది.

తల్లి మేబెల్ పోయాక ఎలీసబెతుకు ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి. నాయిన ఒక్కడైపోతాడని తనే వద్దంది. తర్వాత ఎవరూ అడగలేదు. ఇంట్లో ఆమెకూ తండ్రికీ మధ్య నడిచే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మంచినీళ్ళు, మందు, చర్చి గంట కొట్టిండ్రా, కిటికీ మూసినవా. ఆయన మంచివాడే. కానీ ఆయన మాటలన్నీ నాణేల దగ్గరే ఖర్చయిపోయేవి. ఎలీసబెతుకు మాట్లాడటం పెద్దగా రాదు. చూడటం వచ్చు. జైతూన్ బీ పక్కన కూర్చుని ముడి వేయడం చూసింది, చూసి నేర్చుకుంది. ఏడాదికొకసారి, రంజాన్ పండుగకు ముందు, జైతూన్ బీ తన సొంత పుతలీల పేరు విప్పి దారం మార్చుకునేది. గుచ్చుతూ గుచ్చుతూ ఒక బిళ్ళ దగ్గర చేయి ఆపి, దానివైపు చూసి తనలో తను నవ్వుకునేది. ఎలీసబెతు అది ప్రతి ఏడూ చూసింది. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అడగడం ఆమెకు చేతకాని పని.

1948లో వానలు మొదలయ్యే ముందు జైతూన్ బీ భర్త జిలానీ బీదర్ వెళ్ళాడు. ఆయన ఇత్తడి ముద్రలు చెక్కే మనిషి. అక్కడ ఎవరి దుకాణం అరుగు మీదో చోటు దొరికిందనీ, చేతినిండా పని ఉందనీ కబురు పంపాడు. ఆ తర్వాత కబుర్లు లేవు. శ్రావణం వెళ్ళేసరికి ఊరి గాలి మారిపోయింది. రజాకార్లంటే ఒకరికి భయం, ఇండియా ఫౌజు వస్తుందంటే ఇంకొకరికి భయం. ఆకాశంలో విమానాలు తిరిగిన రోజుల్లో వీధి తలుపులన్నీ మూసి ఉన్నాయి. వరండా మీద ఎండ వచ్చి, ఎవరూ లేక, వెళ్ళిపోయేది.

నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు. బొల్లారం రోడ్డున టాంకులు వస్తున్నాయని వీధి వీధంతా చూడటానికి పరుగెత్తింది. ఎలీసబెతు పోలేదు. గేటు దగ్గరే నిలబడి మోండా వైపు దారి చూసింది. పూలదండలు పట్టుకుని పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. జైతూన్ బీ రాలేదు.

వచ్చింది ఇంకొన్నాళ్ళకు. తల మీద ఓణీ బిగించి కట్టుకుని, ప్రహరీ గోడ నీడలో నిలబడింది.

“ఖాలా! లోపటికి రా. గట్ల గోడకాడ నిలబడ్డవేంది, పరాయిదాని లెక్క?”

“కూసుండేటందుకు రాలే బిడ్డా. బీదర్ పోతున్న. మా తమ్ముడు మౌలా అలీ తోల్కపోతనన్నడు.”

“ఇప్పుడా? అటు దిక్కు మీవోళ్ళను...”

“అటు దిక్కు ఏమున్నదో అందరు ఒకళ్ళ చెవుల ఒకళ్ళు చెప్పుకుంటున్నరు. నా మొకం మీద ఒక్కలు చెప్తలేరు. పోయి చూస్తె తెలుస్తది గద.”

ఆమె ఓణీ కింది నుంచి ఒక చిన్న గుడ్డసంచి తీసింది. ఎలీసబెతుకు తెలిసిన సంచే. అందులో పుతలీల పేరు ఉంటుంది.

“ఇది నీ దగ్గర పెట్టు. అమానత్. ఎట్ల ఇస్తున్ననో, వచ్చినంక గట్లనే తీసుకుంట.”

“నాయిన పెట్టెల తాళం వేసి పెడత.”

“వద్దు తల్లీ. మార్కు సాబ్ ఖాందానంత ఒక్క దిక్కు కూసోని మా గరీబు పుతలీలను బద్నాం చేస్తరు. నీ బట్టల కింద పెట్టుకో, చాలు.”

నవ్వించాలనే అంది, కానీ ఆ నవ్వు ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఎలీసబెతు గేటు దాకా వెళ్ళింది. జల్దీ రా అనాలనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం, “తొవ్వల తినేటందుకు రొట్టెలున్నయా?” అని. ఉన్నాయంది జైతూన్ బీ.

ఆ తర్వాతి రోజులు ఎలీసబెతుకు ఎట్లా గడిచాయో ఆ ఇంటి గోడలకే తెలుసు. పొద్దున పని అయిపోయేది. మధ్యాహ్నం అయిపోయేది. చిమ్నీ తోముతూ పక్కకు తిరిగి ఏదో చెప్పబోయి, ఖాళీ మెట్టు చూసి ఊరుకునేది. వెనకవైపు సామాన్ల గది ఒకటుంది. విరిగిన కుర్చీలు, పాత రైల్వే గోనెలు, తల్లి కుట్టుమిషను. ఒకరోజు అవన్నీ బయటపడేసి గది ఊడ్చింది. సున్నం తెప్పించి తనే కొట్టింది. తూర్పు కిటికీకి అడ్డంగా ఉన్న రేకు పీకేస్తే లోపలికి వెలుతురు బారుగా వచ్చింది. ఆ వెలుతురులో నిలబడి, ఎవరూ లేకుండా పైకే అంది: “ఖాలా, నువ్వింక ఆ గల్లీకి పోకు. ఈడనే ఉండు.” మాట బాగానే వచ్చింది. రోజుకొకసారి అనుకుంటూ ఉంటే ఆమె ఎదుట పడ్డప్పుడు కూడా వస్తుందనుకుంది. ఇంత పెద్ద కోరిక ఆమె ఎప్పుడూ కోరలేదు.

ఒక మధ్యాహ్నం సామ్యూల్ అడిగాడు. “జైతూన్ బీ పుతలీల పేరు నీ దగ్గరున్నది గద. ఒక్కపారి చేతికియ్యి.”

“అమానత్ నాయినా అది.”

“తింటనా ఏంది? తడిమి చూస్త. ఇన్నేండ్లు అందరియి తెచ్చి చూపెట్టింది, తనది ఎన్నడు నా చేతికియ్యలే.”

ఎలీసబెతు వెళ్ళి తెచ్చి ఇచ్చింది. ఆయన ఒళ్ళో తుండుగుడ్డ పరుచుకుని, ఒక్కో బిళ్ళ మీద బొటనవేలు ఆడిస్తూ వచ్చాడు. “అసలుది... ఇది సుత అసలుదే! అమ్మా, ఈ గరీబుది దొరసాని ఉన్నట్టున్నది... ఇది సుత...” ఆయన ముఖం వెలిగిపోతోంది. దండ చివరికి వచ్చేసరికి వేలు ఆగింది. మళ్ళీ తడిమాడు. పెదవి విరిచాడు.

“ఇది దొంగది. చూడు, మొకాలున్నయా అవి? అక్షరాలు సుత లేవు.”

ఎలీసబెతు వెలుతురులో పెట్టి చూసింది. నిలబడ్డ మనిషికి పొట్ట ఉంది. మోకాళ్ళ మీది మనిషికి బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, కళ్ళు రెండూ ఒకే పక్కకు వచ్చాయి. చుట్టూ అక్షరాల చోట పక్షి కాళ్ళ వంటి గీతలు. బంగారం మంచిదే. పని మాత్రం చేతకానిది.

“అన్ని అసలియి ఉండంగ ఒక్కటి ఇట్లనా? అన్నంల రాయి లెక్క,” అన్నాడు సామ్యూల్. “ఎలీసా, నా పెట్టె తే.”

పెట్టె తెరిచి ఆయన వెతుక్కోలేదు. వేళ్ళు సూటిగా ఒక మూలకు పోయాయి. తను మొట్టమొదట సంపాదించిన నాణెం అది. అరుగుదల లేదు, జెండా మీది శిలువ కూడా చేతికి తెలుస్తుంది. పాస్టరుకు చూపించినప్పుడు ఆయన టోపీ తీశాడని సామ్యూల్ చెప్పేవాడు.

“ఇది గుచ్చు. ఆ దొంగదాన్ని తీసెయ్యి.”

“నాయినా! ఇదా?”

“మరేందియ్యాలె ఆమెకు? మొగడు కనబడక తిరుగుతున్నది. ఆమె లేకుంటె ఈ పెట్టెల సగం ఖాళీ.”

“ఎట్లిచ్చిందో గట్లనే తీసుకుంటనన్నది.”

“ఇచ్చింది ఇచ్చినట్టే పాతిపెట్టి మళ్ళిచ్చినోణ్ణి యజమాని మెచ్చుకున్నడా? పెంచి ఇచ్చినోణ్ణి మెచ్చుకున్నడా? ఎన్ని ఆదివారాలు విన్నవ్ ప్రభువు చెప్పిన ఆ కథ! తక్కువ చేసి ఇస్తె తప్పు గని, ఎక్కువ చేసి ఇస్తె తప్పేంది?”

ఎలీసబెతుకు తండ్రి మీద అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు. పెట్టెలోంచి నాణెం బయటికి పోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. జైతూన్ బీ దండ చూసుకుని ఆశ్చర్యపోవడం, ‘ఇదేందే’ అనడం, ‘నువ్వు మా ఇంటి మనిషివి ఖాలా’ అని తను అనకపోయినా ఆ నాణెమే అనడం, అన్నీ కళ్ళకు కట్టాయి. ఇన్నేళ్ళు ఎంతమంది పేర్లలోనో అరిగినది తీసి మంచిది గుచ్చలేదా? జైతూన్ బీ చేతులతోనే చేయలేదా? అందులో తప్పేమీ కనిపించలేదు. ముడులు విప్పి బొద్దు మనుషుల బిళ్ళను తీసేసింది.

కానీ తండ్రి నాణేనికి కొండీ లేదు. మర్నాడు జనరల్ బజారులో సదాశివ కంసాలి దగ్గరికి పోయింది. సామ్యూల్ పనులన్నీ చేసేది ఆయనే. సదాశివ నాణెం చూసి, కళ్ళజోడు పైకి తోసి, ఆమె ముఖం చూశాడు.

“ఇన్నేండ్లు కొండీలు తీపిచ్చుడే గని, మీ నాయిన పెట్టిచ్చుడు నేనెరుగ. దిమాగ్ మంచిగున్నదా ముసలాయనకు?”

“మంచిగనే ఉన్నది.”

“కొండీకి బంగారమేదమ్మా?”

ఆమె దండలోంచి తీసేసిన బిళ్ళ ఇచ్చింది. సదాశివ దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. “ఎవడు కొట్టిండో గని, పిండిబొమ్మలు చేసినట్టు చేసిండు. కరగబెట్టన్నా?”

“కరగబెట్టుండ్రి.”

మూసలో అది ఎంతోసేపు నిలవలేదు. అంచు మెత్తబడింది, ఉబ్బిన బుగ్గలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, అంతే. కొండీ అతికించి, మిగిలినది రేగుగింజంత ముద్ద చేసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇంటికి వచ్చి ఎలీసబెతు జైతూన్ బీ మెట్టు మీదే కూర్చుని, బొటనవేలికి దారం తగిలించి, కొత్తదాన్ని గుచ్చి ముడి వేసింది. చక్కగా వచ్చింది ముడి.

క్రిస్మస్‌కు సున్నాలు వేసే రోజుల్లో జైతూన్ బీ తిరిగి వచ్చింది. గేటు తీసిన చప్పుడుకే ఎలీసబెతుకు తెలిసింది. మనిషి సగమైంది. ఓణీ అంచున కనబడే జుట్టు తెల్లగా ఉంది. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. చాయ్ చల్లారిపోయింది.

“దుకాణమున్నది,” అంది జైతూన్ బీ. “తలుపుల్లేవు. ఆయన కూసున్న అరుగున్నది. పనిముట్లు లేవు. ఒక్కొక్కలను అడిగిన. ఉన్నడన్నోడు లేడు, పోయిండన్నోడు లేడు. తల తిప్పుకుంటున్నరు. నేనేమన్న నేరం వాళ్ళ మీద వేస్తున్ననా? ఒక్క మాట చెప్పుండ్రి అన్న, అంతే గద.”

ఎలీసబెతు ఆమె చేయి పట్టుకుంది. దాన్ని అట్లాగే పట్టుకుని కూర్చుంది.

“మౌలా అలీ నేరేడ్‌మెట్‌ల తన ఇంట్ల ఉండమంటుండు. వాని పెండ్లానికి నేను సయించ. ఆ గల్లీల ఒక్కదాన్ని ఉండలేను. ఏం సమజైతలేదు.”

ఇప్పుడు అనాలి. ఎలీసబెతు లేచింది. “ఖాలా, జెర ఇటు రా,” అని వెనక గదిలోకి తీసుకుపోయింది. తెల్లటి గోడలు, కొత్త చాప, కిటికీలోంచి వెలుతురు. రోజూ అనుకున్న వాక్యం మొత్తం మరిచిపోయి, “ఇది నీదే,” అంది.

జైతూన్ బీ గడప దగ్గర నిలబడి చూసింది. గోడ మీద చేయి పెట్టి చూసింది. సున్నం అరచేతికి అంటింది.

“నువ్వేసినవా?”

“ఊ.”

“కొప్పుకు సుత అంటించుకున్నవ్ కావచ్చు, పిచ్చిపిల్లా.” ఆమె కళ్ళు తుడుచుకుంది. కిటికీ కిందికి పోయి, కాలు చాపి కూర్చుని, చూపు సరిపోతుందో లేదో అన్నట్టు చేతులు ముందు పెట్టుకుని చూసుకుంది. “ఈడ వెలుతురు మంచిగున్నది. ఉంట. ఆయనొచ్చే దాంక ఉంట. కిరాయి అనుకుంటవో ఏమనుకుంటవో, నీకు వంట చేసి పెడత. నీ పప్పు తినుడు నాతోని కాదు.”

ఎలీసబెతు భుజాలు కదిలాయి. ఆ క్షణాన ఆ ఇంట్లో ఆమెకు కావలసింది ఇంకేమీ లేదు.

“నా పేరు తే బిడ్డా. మెడ బోడిగున్నది.”

సంచి తెచ్చి ఇచ్చింది. మాటల చప్పుడు విని సామ్యూల్ గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జైతూన్ బీ దండను ఒళ్ళో పోసుకుని, చూడకుండానే వేళ్ళతో జార్చుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

“ఈ ముడి నాది కాదు.”

“నేనేసిన,” అంది ఎలీసబెతు.

“మంచిగనే వేసినవ్. తెగిందా ఏంది?”

“తెగలే జైతూన్ బీ,” అన్నాడు సామ్యూల్. ఆయన గొంతులో పండుగ ఉంది. “అన్నీ అసలి పుతలీలే నీయి! ఒక్కటే దొంగది కలిసింది. తీసేసినం. నా మొట్టమొదటిది గుచ్చిపిచ్చిన. తడిమి చూడు, జెండా మీద శిలువ సుత అరగలే.”

జైతూన్ బీ తల వంచి ఆ బిళ్ళను చూసింది. ముందు దాన్ని, తర్వాత దాని పక్కదాన్ని, మళ్ళీ దాన్ని. దండంతా ఒకసారి వెతికింది. లేదని తెలిసినదాని కోసం వెతుకుతున్నట్టు వెతికింది.

“అది యాడున్నది?”

సామ్యూల్ ముఖం ఎలీసబెతు వైపు తిరిగింది.

“ఎలీసా. అది యాడున్నదమ్మా?”

ఎలీసబెతు తన గదిలోకి పోయి కాగితం పొట్లం తెచ్చింది. విప్పి అరచేతిలో పెట్టి చూపింది. “కొండీకి బంగారం కావాలంటె... కరగబెట్టిచ్చిన. మిగిలింది ఇది. కొండీ సుత దానిదే, ఖాలా. వేరే బంగారం కలపలే.”

జైతూన్ బీ ఆ ముద్దను ముట్టుకోలేదు. ఎవరితోనూ కానట్టు, కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

“నా నికాహ్ నాడు మెహర్ కింద మగపెండ్లోళ్ళు పెట్టిన పేరుల ఒకటి తక్కువొచ్చింది. మా నాయిన మొండికేసిండు, పూరా చెయ్యంది పిల్లనియ్యనన్నడు. ఆయన ముద్రలు చెక్కేటోడు గద. తనే అచ్చు చెక్కి కొట్టుకొచ్చిండు. బొమ్మలు చెక్కుడు ఎన్నడన్న చేసిండా? నిలబడ్డోడు మా నాయిన లెక్కనే వచ్చిండు, పొట్టతోని. మోకాళ్ళ మీద కూసున్నోడు తన లెక్కనే. ‘చూసినవా, మీ నాయిన ముంగట ఎట్ల కూసున్ననో’ అనేటోడు. ఎప్పుడు చూసినా నవ్వొస్తుండె.”

సామ్యూల్ చేయి గుమ్మం చెక్క మీద జారింది. “నాకు తెల్వదమ్మా,” అన్నాడు. “మంచిదే ఇచ్చిన. అన్నిట్ల మంచిదే ఇచ్చిన.”

“ఒక్కపారి అడిగుంటె చెప్పేదాన్ని గద, ఎలీసా. ఇన్నేండ్లు పక్కన కూసున్నవ్.”

“ఖాలా,” అంది ఎలీసబెతు. ముద్ద ఉన్న అరచేయి అట్లాగే చాపి ఉంది.

జైతూన్ బీ జేబు సంచిలోంచి సూది తీసింది. ఎలీసబెతు వేసిన ముడి దగ్గర సూదిమొన పెట్టి, దారం తెగకుండా, ఓపిగ్గా విప్పింది. మంచి నాణెం జారి ఆమె ఒళ్ళో పడింది. మిగిలిన పేరును, ఆ చోటును ఖాళీగానే ఉంచి, రెండు కొసలూ కలిపి ముడి వేసింది. లేచి వచ్చి, సామ్యూల్ చేయి పట్టుకుని, నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టి, ఆయన వేళ్ళు మూసింది.

ఆయన బొటనవేలు అలవాటుగా దాని మీదికి పోయింది. “ఏందిది? ఏందమ్మా ఇది, నాకెందుకిస్తున్నవ్?”

ఆమె ఎలీసబెతు అరచేతిలోని ముద్దను తీసుకుని ఓణీ కొంగున కట్టుకుంది. కడుతున్నప్పుడు ఆమె వేళ్ళు ఎలీసబెతు చేతికి తగిలాయి. చల్లగా ఉన్నాయి. సంచి చంకన పెట్టుకుని, చాప అంచున విడిచిన చెప్పులు తొడుక్కుని, సామ్యూల్ పక్కనుంచి ఒదిగి, వరండా దాటి మెట్లు దిగింది. గేటు తీసింది, వెనక్కి తిరగకుండానే మళ్ళీ జాగ్రత్తగా గడియ వేసింది, మోండా దారి పట్టుకుని వెళ్ళిపోయింది.